కారు ఇన్వర్టర్‌తో డ్రోన్ బ్యాటరీల ఛార్జింగ్: తిరుపతి, చిత్తూరు వైపు షూటింగులకు తిరిగేవాళ్ళకు

దామలచెరువు దగ్గర ఒక మామిడి తోపులో ఈ పని తప్పుగా చేసి నేర్చుకున్నాను. తోట అమ్మకానికి వీడియో కావాలన్నారు. తెల్లవారుజామున చేరాం. డ్రోన్ మావిక్ 3, బ్యాటరీలు రెండే. ఒకటి దిగగానే ఇంకొకటి ఎక్కించడం, దిగినదాన్ని కారులో ఇన్వర్టర్‌కి తగిలించడం. పెట్రోలు దండగ అని ఇంజను ఆపేశాను. తొమ్మిదిన్నరకి పని అయిపోయింది. సామాను సర్దుకుని తాళం తిప్పితే టక్, టక్, టక్. అంతే.

తోట కాపలా పెద్దాయన అంతసేపూ మమ్మల్నే చూస్తున్నాడు. మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"ఏం నాయనా, సెల్ఫ్ తీసుకోలేదా?"

"లేదు పెద్దాయనా."

"పైన ఎగిరేదానికి కరెంటు పోసి, కింద నడిచేదాన్ని పడుకోబెట్టినావే!"

ఆయన, ఇంకో ఇద్దరు పిల్లోళ్ళు కలిసి తోస్తే సెకండ్ గేరులో లేచింది. ఆటోమేటిక్ గేర్ల బండి అయి ఉంటే అదీ కుదిరేది కాదు. ఇంటికొచ్చాక కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆ లెక్క ముందు రోజు వేసుకుని ఉంటే బండి ఆగేది కాదు. కాబట్టి మీరు అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు ఒక ప్రశ్న: ఇన్వర్టర్ నిజంగా కావాలా?

మన దగ్గర ఇన్వర్టర్ అంటే కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఫ్యాన్లు తిప్పే పెట్టె గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది దాని చిన్న తమ్ముడి సంగతి. కారులోని 12 వోల్టుల డీసీని 230 వోల్టుల ఏసీగా మార్చి, మామూలు ప్లగ్గు పెట్టుకునే వీలిస్తుంది. ఆ 230 వోల్టులను డ్రోన్ ఛార్జరు మళ్ళీ దించి పది, పదిహేను వోల్టుల డీసీ చేస్తుంది. అంటే బిందెలో నీళ్ళను మేడ మీదికి మోసి, మళ్ళీ కిందికి దించి చెంబులో పోసినట్టు. దారిలో ఒలికేది ఒలుకుతుంది. ఇన్వర్టర్‌లో నూటికి పదీ పదిహేను, ఛార్జరులో ఇంకో పది దాకా వేడిగా పోతుంది.

అందుకే మీ డ్రోన్‌కి యూఎస్‌బీ-సీతో ఛార్జింగ్ అయ్యే హబ్ (బ్యాటరీలు రెండు మూడు పెట్టుకునే స్టాండు) ఉంటే, పవర్ డెలివరీ అనే వేగపు ఛార్జింగ్ 65 వాట్ల దాకా ఇచ్చే మంచి కారు ఛార్జరు కొనుక్కోండి. మినీ 3 ప్రో లాంటి చిన్న డ్రోన్లకు ఇంకేమీ అక్కర్లేదు. కళ్ళకు గాగుల్స్ పెట్టుకుని డ్రోన్ కంటితో చూస్తూ ఎగరేసే ఎఫ్‌పీవీ వాళ్ళు వాడే బ్యాలెన్స్ ఛార్జర్లు (బ్యాటరీలోని సెల్స్ అన్నిటినీ సమానంగా నింపేవి) చాలావరకు 11 నుంచి 18 వోల్టుల డీసీని నేరుగా తీసుకుంటాయి, కాబట్టి వాళ్ళకు కూడా ఇన్వర్టర్ అనవసరం.

మరి ఎవరికి కావాలి? గోడ ప్లగ్గుకి మాత్రమే పెట్టగలిగే ఛార్జరు ఉన్నవాళ్ళకి. డ్రోన్‌తో పాటు కెమెరా బ్యాటరీలు, వాకీటాకీలు, లాప్‌టాప్ అన్నీ ఒకే చోట పెట్టుకోవలసిన పెళ్ళి షూటింగు వాళ్ళకి. నాలాంటి వాళ్ళకన్నమాట.

లెక్క

బ్యాటరీ మీద మిల్లీ ఆంపియర్-అవర్లు పెద్ద అంకెల్లో ఉంటాయి. వాటిని పట్టించుకోకండి. పక్కనే చిన్నగా వాట్-అవర్లు రాసి ఉంటుంది, మనకు కావలసింది అది. కనిపించకపోతే వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించండి. మినీ 3 ప్రో మామూలు బ్యాటరీ సుమారు 18 వాట్-అవర్లు. మావిక్ ఎయిర్ 2 బ్యాటరీ 40. మావిక్ 3ది 77. పాత ఫాంటమ్ 4 ప్రో ఇంకా వాడేవాళ్ళుంటే, దానిది 89.

దారిలో ఒలికేదంతా కలిపితే, డ్రోన్ బ్యాటరీలోకి 77 చేరాలంటే కారు బ్యాటరీలోంచి సుమారు 100 వాట్-అవర్లు పోవాలి. 12 వోల్టులతో భాగిస్తే ఎనిమిది ఆంపియర్-అవర్ల పైచిలుకు. చిన్న పెట్రోలు కార్లలో ఉండే బ్యాటరీ సాధారణంగా 35 ఆంపియర్-అవర్లు. దామలచెరువులో నేను రెండు బ్యాటరీలు నింపాను, అంటే దాదాపు 17 తాగేశాను. నా కారు బ్యాటరీకి అప్పటికే మూడేళ్ళు దాటింది. 35 అని రాసి ఉన్నా లోపల 25 ఉంటే గొప్ప. అందులో మూడింట రెండొంతులు పోయాక సెల్ఫ్ మోటారుకి ఏం మిగులుతుంది?

అదే లెక్క మినీకి వేసి చూడండి. ఒక్కో బ్యాటరీకి రెండు ఆంపియర్-అవర్లు. మూడూ నింపినా ఆరే. ఇంజను ఆపి చేసినా బండి మామూలుగానే లేస్తుంది. "మా ఫ్రెండు ఎప్పుడూ ఇంజను ఆపే పెడతాడన్నా, ఏం కాలేదు" అని చెప్పేవాళ్ళకి జవాబు ఇదే. అబద్ధం చెప్పడం లేదు, అతని డ్రోన్ చిన్నది.

ఇంకో మాట. కారు బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదు. మన కరకంబాడిలో తయారయ్యే అమరాన్ అయినా, ఇంకెక్కడిదైనా, కారు బ్యాటరీ పుట్టిందే సెల్ఫ్ కొట్టడానికి. లోపల పలచని ప్లేట్లు చాలా ఉంటాయి, రెండు మూడు సెకండ్ల పాటు వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇవ్వడానికి. గంటల తరబడి కొద్దికొద్దిగా తీసి అడుగంటించే పనికి అవి తట్టుకోవు. ఇంట్లో ఇన్వర్టర్ కింద పెట్టే ఎత్తయిన ట్యూబ్యులర్ బ్యాటరీ ఆ పనికి చేసింది. రెండిట్లోనూ సీసం, ఆమ్లమే ఉన్నా తీరు వేరు.

ఇక ఛార్జరు ఎన్ని వాట్లు లాగుతుందో చూడాలి. అడాప్టరు మీద ఇన్‌పుట్ అని 100–240 వోల్టులు, 1.8 ఆంపియర్లు అని ఉంటుంది. దాన్ని 230తో గుణించి 400 వాట్లు అనుకుని పెద్ద ఇన్వర్టర్ కొనేవాళ్ళున్నారు. ఆ ఆంపియర్లు తక్కువ వోల్టేజిలో వచ్చే గరిష్ఠం. అవుట్‌పుట్ గీత చూడండి. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే 65 వాట్లు. అందులో పదిహేను శాతం కలుపుకుంటే 75. ఇన్వర్టర్ మీద పడేది అంతే. ఇన్వర్టర్ కారు నుంచి లాగేది 85 వాట్లు, ఏడు ఆంపియర్లు.

మూడు బ్యాటరీల హబ్ పెడితే మూడు రెట్లు లాగుతుందని భయపడకండి. మావిక్, మినీ డ్రోన్లు చేసే డీజేఐ కంపెనీ హబ్‌లలో ఎక్కువ భాగం ఒకదాని తర్వాత ఒకటిగా నింపుతాయి, ఎక్కువ నిండి ఉన్నదాన్ని ముందు పూర్తి చేస్తాయి. మూడు రెట్లయ్యేది టైము.

సాకెట్ ఎంత మోయగలదు

సిగరెట్ లైటర్ సాకెట్ వెనక ఒక ఫ్యూజు ఉంటుంది. చాలా కార్లలో 15 ఆంపియర్లు, కొన్నిట్లో 10, కొన్నిట్లో 20. మీ బండి ఫ్యూజు పెట్టె మూత తిరగేస్తే లోపల పటం ఉంటుంది, దాంట్లో చూడండి. 15 ఆంపియర్లంటే 12 వోల్టుల దగ్గర 180 వాట్లు. కానీ గంటల తరబడి అంచు దాకా లాగితే ఫ్యూజు సంగతి ఎలా ఉన్నా సాకెట్ లోపలి స్ప్రింగు, ప్లాస్టిక్ కాలుతాయి. 120 వాట్ల దగ్గర ఆగడం మంచిది. 10 ఆంపియర్ల ఫ్యూజు అయితే 80.

తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు, ఈ సాకెట్‌కి వెయ్యి వాట్ల ఇన్వర్టర్ తగిలించేవాళ్ళని చూశాను. ఫ్యూజు పోతే దాని స్థానంలో 30 ఆంపియర్లది వేయడం అంతకంటే పెద్ద తప్పు. ఫ్యూజు ఉన్నది మీ ఛార్జరు కోసం కాదు, డాష్‌బోర్డు వెనక పోయే సన్న వైరు అంటుకోకుండా. ఫ్యూజు పోతే పది రూపాయలు. వైరు అంటుకుంటే బండి పోతుంది.

ఒక ఛార్జరుకైతే 150 వాట్ల ఇన్వర్టర్ సాకెట్‌లో పెట్టుకుంటే చాలు. అంతకు మించి కావాలంటే వైర్లు నేరుగా బ్యాటరీకి వెళ్ళాలి.

ఇన్వర్టర్ కొనేటప్పుడు

అట్టపెట్టె మీద 600 వాట్లు అని పెద్దగా ఉంటే, కింద చిన్న అక్షరాల్లో అది పీక్ అని ఉంటుంది. క్షణం పాటు ఇచ్చేది అది. మనకు కావలసింది కంటిన్యువస్ అని రాసిన అంకె. ఏ మాటా రాయకపోతే, రాసినదాంట్లో సగమే నిజమనుకుని కొనండి.

రెండోది, తరంగం ఆకారం. ప్యూర్ సైన్ వేవ్ అంటే ఇంటి కరెంటులా నున్నగా ఎక్కి దిగేది. మాడిఫైడ్ సైన్ వేవ్ అంటే మెట్లు మెట్లుగా ఉండేది, ధర తక్కువ. డ్రోన్ ఛార్జర్లు మాడిఫైడ్ మీద కూడా చాలావరకు పనిచేస్తాయి, కానీ కొన్ని గీమంటాయి, మామూలుకంటే ఎక్కువ వేడెక్కుతాయి, కొన్ని అసలు లైటు కూడా వెలిగించవు. 30 వేల రూపాయల బ్యాటరీల సెట్టు మీద వెయ్యి, రెండు వేలు మిగుల్చుకోవడం నాకు సబబు అనిపించలేదు. ప్యూర్ సైన్ కొన్నాను. మీ చేతిలో ఇప్పటికే మాడిఫైడ్ ఉంటే పారేయనక్కర్లేదు. మొదటి పది నిమిషాలు ఛార్జరుని చేత్తో తాకి చూస్తూ ఉండండి. పట్టుకోలేనంత వేడైతే ఆపేయండి.

మూడోది, తక్కువ వోల్టేజి కటాఫ్. చాలా ఇన్వర్టర్లు కారు బ్యాటరీ 10.5 వోల్టుల దగ్గరికి దిగాక ఆగుతాయి. "కటాఫ్ ఉందిగా, బ్యాటరీ డౌన్ కాదు" అని షాపువాళ్ళు చెబుతారు. కానీ 10.5 దగ్గరికి వచ్చిన బ్యాటరీతో బండి లేవదు. ఆ కటాఫ్ కాపాడేది ఇన్వర్టర్‌ని, మిమ్మల్ని కాదు. రెండు మూడు వందలకు దొరికే మల్టీమీటరో, సాకెట్‌లో పెట్టే వోల్టు మీటరో కొనుక్కుని కళ్ళతో చూసుకోండి.

బ్యాటరీకి నేరుగా కలిపేవాళ్ళకు

300 వాట్లు లాగితే 12 వోల్టుల వైపు సుమారు 30 ఆంపియర్లు పోతాయి. ఇంట్లో ఎయిర్ కండిషనర్ వైరులో కూడా అంత పోదు. 230 వోల్టుల దగ్గర చిన్నగా కనిపించే పని 12 దగ్గర పెద్దదవుతుంది. ఎలక్ట్రీషియన్‌కి కూడా ఈ సంగతి తట్టకపోవచ్చు, "2.5 స్క్వేర్ వైరు వెయ్ సామీ, సరిపోతుంది" అంటాడు.

బ్యానెట్ నుంచి లోపలికి రెండు మీటర్ల దూరం అనుకుందాం, పోను రాను నాలుగు మీటర్లు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 30 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.9 వోల్టు దారిలోనే పడిపోతుంది, 27 వాట్లు వైరులో వేడవుతాయి. సీటు కింద కార్పెట్ మీద పడుకున్న వైరులో! 6 స్క్వేర్ ఎంఎం అయితే 0.4 వోల్టు లోపు, 10 అయితే 0.2 పైచిలుకు. 300 వాట్లకు నేను 10 స్క్వేర్ ఎంఎం వేయించాను. దూరం తగ్గించడం ఇంకా మంచి పని. 12 వోల్టుల వైరు పొట్టిగా, 230 వోల్టుల ఎక్స్‌టెన్షన్ కావాలంటే పొడుగ్గా.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ దగ్గర, జానెడు దూరం లోపే ఉండాలి. 300 వాట్లకు 40 ఆంపియర్లది. ఫ్యూజుని ఇన్వర్టర్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినప్పుడు అది పనికిరాదు. చివర్లలో వైరు పోగులు మెలిపెట్టి బోల్టు కింద నొక్కకండి, చివర రాగి లగ్గులు (బోల్టుకి తగిలించే కళ్ళు) తొడిగి గట్టిగా నొక్కించండి. ఇన్వర్టర్‌తో వచ్చే క్లిప్పులు తాత్కాలికానికే. వాటిని బ్యానెట్ లోపల వదిలి బండి నడిపితే ఎక్కడో ఒక గుంతలో ఊడి బాడీకి తగులుతాయి.

ఇది చేయించుకోవడానికి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికే వెళ్ళండి, ఇంటి వైరింగు చేసేవాళ్ళ దగ్గరికి కాదు. బండి వారంటీలో ఉంటే ముందు సర్వీసు సెంటరులో అడగండి.

కలిపే వరుస

మొదట ఇంజను స్టార్ట్ చేయండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి పదికి దగ్గరగా పడి మళ్ళీ లేస్తుంది. ఆ సమయంలో ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే దానికీ మంచిది కాదు, వెనక ఉన్న ఛార్జరుకీ కాదు.

ఇంజను ఒక నిమిషం ఆడాక, స్విచ్ ఆఫ్‌లో ఉన్న ఇన్వర్టర్‌ని సాకెట్‌లో గట్టిగా దించండి. వదులుగా ఉన్న ప్లగ్గే కాలుతుంది. తర్వాత స్విచ్ వేసి, పచ్చలైటు నిలకడగా ఉందో లేదో చూడండి. ఛార్జరు పెట్టండి. చివరగా డ్రోన్ బ్యాటరీ. తీసేటప్పుడు సరిగ్గా తలకిందులు: బ్యాటరీ, ఛార్జరు, ఇన్వర్టర్ స్విచ్, ఆ తర్వాత ఇంజను.

ఇంజను ఆడుతుంటే మీటరు 13.5 నుంచి 14.4 మధ్య చూపించాలి. ఛార్జింగ్ పెట్టాక 13కి దిగువన పడిందంటే ఆల్టర్నేటర్‌కి భారం ఎక్కువైంది, ఏదో ఒకటి తీసేయండి. ఇంజను ఆపి ఛార్జింగ్ చేస్తున్నారంటే 12.2 మీ గీత. అది సగం బ్యాటరీకి గుర్తు. లోడు ఉన్నప్పుడు కొంచెం తక్కువ చూపిస్తుంది కాబట్టి, అనుమానం వస్తే ఛార్జరు తీసి రెండు నిమిషాలాగి చూడండి.

సిగ్నల్ దగ్గర తనంతట తాను ఇంజను ఆపే బండ్లున్నాయి. ఛార్జింగ్ పెట్టిన రోజు ఆ బటన్ నొక్కి ఆపేయండి.

బండి కదిలేటప్పుడే పెట్టండి

దామలచెరువు తర్వాత నేను మార్చుకున్న ముఖ్యమైన అలవాటు ఇది. లొకేషన్‌లో ఛార్జింగ్ పెట్టను. దారిలో పెడతాను.

మెకానిక్కులు డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ ఇంజను వేగాన్ని బట్టి కరెంటు ఇస్తుంది. ఆగి ఉన్నప్పుడు, ఐడిలింగ్‌లో, దాని పూర్తి శక్తిలో సగమో అంతకంటే తక్కువో వస్తుంది. ఏసీ, రేడియేటర్ ఫ్యాను, లైట్లు అందులోంచే తినాలి. 65 వాట్ల ఛార్జరు ఒక్కటే అయితే ఐడిలింగ్‌లో కూడా సర్దుకుంటుంది. 300 వాట్లు పెడితే కారు బ్యాటరీలోంచి అప్పు తీసుకోవడం మొదలవుతుంది, మీకు తెలియకుండానే. పైగా ఆగిన బండి గంటకు సుమారు లీటరు దాకా పెట్రోలు తాగుతుంది. రోడ్డు మీద అదే పెట్రోలుకి మీరు ఊరూ చేరతారు, బ్యాటరీ కూడా నిండుతుంది.

తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు, గంటన్నర. 65 వాట్ల మీద మావిక్ 3 బ్యాటరీ సున్నా నుంచి నిండడానికి దాదాపు అంతే. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి 40 కిలోమీటర్ల లోపు. ఆ దూరంలో సగం పైన ఎక్కుతుంది. చంద్రగిరి వరకే వెళ్తుంటే ఛార్జింగ్ మీద ఆశ పెట్టుకోకండి, ఇంట్లోనే నింపుకెళ్ళండి.

ఇంకో కిటుకు. లిథియం బ్యాటరీ 80 శాతం దాకా గబగబా ఎక్కుతుంది. ఆ పైన సెల్ వోల్టేజి పరిమితికి చేరాక ఛార్జరు కరెంటు తగ్గిస్తూ పోతుంది, చివరి పది శాతం నత్తనడక. ముహూర్తం ముంచుకొస్తుంటే ఒకదాన్ని వంద దాకా తోయడం కంటే, 85 దగ్గర తీసి రెండోది పెట్టడం లాభం. హబ్‌కి వదిలేస్తే అలా చేయదు, మీరే మార్చాలి.

కళ్యాణ మండపం సెల్లార్‌లో బండి పెట్టి, ఇంజను ఆన్‌లో ఉంచి ఛార్జింగ్ చేసే పని మాత్రం వద్దే వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు. లోపల కూర్చున్న డ్రైవరు నిద్రపోయాడనుకుంటారు. మండపంలో ఎలాగూ ప్లగ్గులుంటాయి, మేనేజరుని ఒక మాట అడగండి.

ఎండ

మన ప్రాంతంలో అసలు చిక్కు ఇది. డీజేఐ బ్యాటరీల ఛార్జింగ్‌కి చెప్పిన ఉష్ణోగ్రత 5 నుంచి 40 డిగ్రీలు. తిరుపతిలో కత్తెర ఎండల్లో నీడలోనే 40 దాటుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, బ్యాటరీ ఎంత! అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటడం మామూలే. డాష్‌బోర్డు మీద ఇంకా ఎక్కువ.

దానికి తోడు, ఎగిరి దిగిన బ్యాటరీ తనే వేడిగా ఉంటుంది. దాన్ని వెంటనే ఛార్జింగ్‌లో పెడితే, డీజేఐ వాటిలా లోపల సర్క్యూటు ఉన్న తెలివైన బ్యాటరీ అయితే ఒప్పుకోదు, లైట్లు మిణుకుమంటాయి గానీ శాతం కదలదు. "ఛార్జరు పాడైంది" అని ఫోన్ చేసేవాళ్ళలో సగం మంది సమస్య ఇదే. ఆ తెలివి లేని మామూలు లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ అయితే ఒప్పేసుకుంటుంది, అది ఇంకా ప్రమాదం. వేడి మీద ఛార్జ్ చేస్తే సెల్ లోపల విడిపోయే రసాయనాలు వాయువులై ఉబ్బుతాయి, ఆయుష్షు తగ్గుతుంది.

నేను చేసేది ఇది. దిగిన బ్యాటరీని మొదట నీడలో, గాలి తగిలేట్టు ఇరవై నిమిషాలు పెడతాను. బండి కదిలాక ముందు సీటు కాళ్ళ దగ్గర, ఏసీ గాలి తగిలే చోట ఒక చెక్క పలక మీద ఛార్జింగ్. ఐసు పెట్టెలో మాత్రం పెట్టకండి. చల్లారుతుంది నిజమే, బయటికి తీసిన మరుక్షణం కూల్‌డ్రింకు సీసాకి పట్టినట్టు చెమట పడుతుంది, ఆ తడి టెర్మినళ్ళలోకి పోతుంది. మే నెలలో మధ్యాహ్నం ఏసీ లేని బండిలో ఛార్జింగ్ కుదరదంతే. ఆ రోజులకు ఇంకో బ్యాటరీ అద్దెకు తెచ్చుకోవడం చవక.

ఇన్వర్టర్‌కి కూడా ఊపిరి ఆడాలి. దాని ఫ్యాను పట్టుచీరల సంచుల కింద కూరుకుపోయిందంటే పది నిమిషాల్లో ఆగిపోతుంది. పెళ్ళి బండిలో ఖాళీ చోటు దొరకదని నాకు తెలుసు. పూలబుట్టని పెళ్ళివాళ్ళ బండిలోకి పంపించండి.

నిప్పు, కరెంటు

ఆ చిన్న డబ్బా నుంచి వచ్చేది 230 వోల్టులు. గోడ ప్లగ్గంత ప్రాణాంతకం. వానలో డిక్కీ తెరిచి ఛార్జింగ్ పెట్టొద్దు, తడి చేత్తో ముట్టొద్దు. ఇన్వర్టర్‌ని తీసుకెళ్ళి ఇంటి బోర్డుకి ఎదురు కరెంటు ఇచ్చే ప్రయోగాలు ఎవరు చెప్పినా చేయకండి.

ఉబ్బిన బ్యాటరీ, నేలకు కొట్టుకుని సొట్టపడిన బ్యాటరీ, నీళ్ళలో పడిన బ్యాటరీ, వీటిని కారులో ఛార్జ్ చేయకూడదు. కారులోనే కాదు, ఎక్కడా చేయకూడదు. ఛార్జింగ్‌లో ఉన్నంతసేపు బండిలో మనిషి ఉండాలి. బండి తాళం వేసి భోజనాలకు వెళ్ళిపోయే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

బ్యాటరీ నుంచి తియ్యటి ఘాటు వాసనో, బుస్సుమనే శబ్దమో వస్తే బండి పక్కకు ఆపి అందరూ దిగండి. ఒక్క క్షణంలో ఇన్వర్టర్ స్విచ్ ఆపగలిగితే ఆపండి, లేకపోతే వదిలేయండి. ఆ పొగ పీల్చకూడదు. లిథియం మంట మీద నీళ్ళు పోయకూడదని చాలామంది అంటారు. అది లోహపు లిథియం సంగతి. డ్రోన్ బ్యాటరీల్లో మంట పక్క సెల్‌కి పాకకుండా చల్లబరచడానికి నీళ్ళే మంచివి, ఎక్కువగా పోయాలి. దగ్గరికి పోలేనంతగా మండుతుంటే దూరంగా నిలబడి 101కి ఫోన్ చేయండి.

మందు కొట్టే డ్రోన్లు, లారీలు, ఎలక్ట్రిక్ కార్లు

మామిడికి, వరికి మందు కొట్టే డ్రోన్లు వచ్చాక ఈ ప్రశ్న తరచూ వినిపిస్తోంది: బొలేరోలో ఇన్వర్టర్ పెట్టి వాటినీ ఛార్జ్ చేయొచ్చా అని. లెక్క వేయండి. ఆరు సెల్స్, 16 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒకటి 355 వాట్-అవర్లు. అవి జతగా పోతాయి, 710. పది, పన్నెండు నిమిషాల్లో ఖాళీ. గంటలో నింపాలన్నా ఛార్జరుకి 800 వాట్లు, కారు వైపు 80 ఆంపియర్లు. బండి ఆల్టర్నేటర్ మొత్తం శక్తికి అది దగ్గర. కుదరదు. రెండు, మూడు కేవీఏ జనరేటరు తెచ్చుకోండి, లేదా మోటారు షెడ్డు కరెంటు వాడుకోండి. కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు ఇచ్చే ప్యాకేజీలో అదనంగా నాలుగు బ్యాటరీ సెట్లు, వేగంగా ఛార్జ్ చేసే రెండు ఛానళ్ళ ఛార్జరు ఉండేది ఊరికే కాదు.

లారీలు, పెద్ద బస్సులు 24 వోల్టులవి. మన 12 వోల్టుల ఇన్వర్టర్ అందులో పెట్టారంటే పొగే. ఎక్కే ముందు డ్రైవరుని అడగండి.

ఎలక్ట్రిక్ కార్లలో కొన్నిటికి పెద్ద బ్యాటరీ నుంచి నేరుగా 230 వోల్టులు బయటికిచ్చే ఏర్పాటుంది. 2023లో వచ్చిన నెక్సాన్ ఈవీలో 3.3 కేవీఏ దాకా ఇస్తుంది. అది మీ దగ్గరుంటే ఈ వ్యాసంలో ఎండ, నిప్పు భాగాలు తప్ప మిగతాది మీకు అక్కర్లేదు.

బ్యాటరీలు నిండాయి గదా అని ఎక్కడపడితే అక్కడ ఎగరేయకండి. తిరుమల కొండ మీదికి డ్రోన్ తీసుకెళ్ళకూడదు. రేణిగుంట విమానాశ్రయం చుట్టూ, శ్రీహరికోట వైపు, శేషాచలం అడవుల్లో అనుమతి లేకుండా కుదరదు. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూసుకుని బయల్దేరండి.

ఇంటికొచ్చాక

ఇన్వర్టర్‌ని సాకెట్ నుంచి తీసేయండి. ఏమీ పెట్టకపోయినా స్విచ్ ఆన్‌లో ఉంటే అది అర ఆంపియరు చొప్పున తాగుతూనే ఉంటుంది. పది గంటలంటే ఐదు ఆంపియర్-అవర్లు. కొన్ని బండ్లలో తాళం తీశాక కూడా సాకెట్‌లో కరెంటు ఉంటుంది, మీ బండి ఏ రకమో ఒకసారి చూసి పెట్టుకోండి.

వారం దాకా షూటింగు లేకపోతే డ్రోన్ బ్యాటరీలను నిండుగా దాచకండి. లైపోలను సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. డీజేఐవి కొన్ని రోజులాగి తమంతట తాము 60 శాతం దాకా దిగిపోతాయి. అది తెలియక, పోయిన వారం నింపిన బ్యాటరీలు నిండుగానే ఉన్నాయనుకుని ముహూర్తానికి బయల్దేరితే దారిలో ఇన్వర్టర్ మీద పడాల్సి వస్తుంది.

మర్నాడు పొద్దున, బండి స్టార్ట్ చేయకముందే, కారు బ్యాటరీకి మల్టీమీటరు పెట్టి చూడండి. 12.6 ఉంటే నిన్నటి ఛార్జింగ్ వల్ల నష్టమేమీ జరగలేదు. 12.4 చూపిస్తే ఆ రోజు కొంచెం దూరం తిప్పండి. రెండు మూడు సార్లు వరసగా 12.2 కిందే ఉంటే, ఇంకో మామిడి తోపుకి బయల్దేరకముందే బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ చేయించండి.